మౌస్ దానంతట అదే కదిలింది: ఉక్రెయిన్‌లో కరెంట్ తీసేసిన హ్యాకర్లు

సైబర్ దాడి అనగానే మనకి ఓటీపీ మోసాలే గుర్తొస్తాయి కదా. మరి ఒక దేశం సైన్యమే హ్యాకర్లతో ఇంకో దేశం కరెంట్ తీయిస్తే?

2015 డిసెంబర్ 23, పశ్చిమ ఉక్రెయిన్. మధ్యాహ్నం మూడున్నర దాటింది. కరెంట్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ చూస్తుండగానే మౌస్ బాణం దానంతట అదే కదిలింది. సబ్‌స్టేషన్ బ్రేకర్లను ఒక్కొక్కటిగా ఆఫ్ చేస్తోంది! ఆయన ఎంత ప్రయత్నించినా కంట్రోల్ చేతికి రాలేదు. మొత్తం మూడు కంపెనీలు, సుమారు 30 సబ్‌స్టేషన్లు, దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంట్ పోయింది.

లోపలికి ఎలా వచ్చారు? కొన్ని నెలల ముందు ఉద్యోగులకి ఒక ఈమెయిల్ వచ్చింది. అందులో ఫైల్ తెరిచి, మ్యాక్రోస్ ఎనేబుల్ చేయగానే బ్లాక్‌ఎనర్జీ అనే మాల్‌వేర్ దిగింది. అక్కడి నుంచి వీపీఎన్ పాస్‌వర్డ్‌లు కొట్టేశారు. దానికి టూ ఫ్యాక్టర్ లేదు. ఇక నెలల తరబడి చప్పుడు చేయకుండా సిస్టమ్ మొత్తం స్టడీ చేశారు.

ప్లానింగ్ చూడండి. జనం ఫిర్యాదు చేయకుండా కాల్ సెంటర్‌కి దొంగ కాల్స్ గుప్పించారు. దూరం నుంచి మళ్లీ ఆన్ చేయకుండా సబ్‌స్టేషన్ పరికరాల్లో ఫర్మ్‌వేర్ చెడగొట్టారు. పోతూ పోతూ కంప్యూటర్లని తుడిచేశారు.

అయినా ఒకటి నుంచి ఆరు గంటల్లో కరెంట్ తిరిగొచ్చింది. ఎలాగంటే, సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకి వెళ్లి, చేత్తో బ్రేకర్లు వేశారు. అసలు పాయింట్ ఇదే! చేత్తో వేసే ఏర్పాటు, అది తెలిసిన మనుషులు ఉన్నారు కాబట్టి బతికిపోయారు.

ఏడాది తర్వాత కీవ్‌లో ఇండస్ట్రాయర్ వచ్చింది. ఈసారి మౌస్ కదిపే మనిషి కూడా అక్కర్లేదు, బ్రేకర్లకి ఆర్డర్లిచ్చే పని మాల్‌వేరే చేసేసింది. 2020 అక్టోబర్‌లో అమెరికా ఈ దాడుల మీద రష్యా సైనిక నిఘా సంస్థ జీఆర్‌యూ అధికారులు ఆరుగురిపై కేసు పెట్టింది. రష్యా మాత్రం మాకు సంబంధం లేదంటోంది.

ఇప్పుడు కరెంట్, నీళ్లు, మెట్రో అన్నీ ఆటోమేటిక్ అవుతున్నాయి. మంచిదే. కానీ మీలో చాలామంది రేపు ఇలాంటి సిస్టమ్స్‌కే కోడ్ రాస్తారు. అప్పుడు మీటింగ్‌లో ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "నెట్‌వర్క్ మొత్తం పోతే దీన్ని చేత్తో నడపగలమా? నడపడం ఎవరికి వచ్చు?"

మీరేమంటారో కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!