ఇరుకు డిస్కులో పాత పాల లెక్కలు

(నార్సింగిలో పాల సహకార సంఘాల సభ్యులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ నార్సింగి చుట్టూ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ఉన్నాయి. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనాక బర్రెలు మేసిన బీళ్ళలో అద్దాల మేడలు లేచాయి. అయితే నేను ఈ రోజు చెప్పబోయే సాఫ్ట్‌వేరును ఆ మేడల్లో పనిచేసే పిల్లలలో చాలామంది కంటితో చూసి ఉండరు. వారికి బుద్ధి తెలిసేనాటికే అది మూలబడింది. అందువల్ల "మా అబ్బాయి కంప్యూటరు ఇంజనీరు, వాడు చూసుకుంటాడు" అని ఊరుకోకుండా, ఈ సంగతి మనమే కొంత తెలుసుకొనవలసి ఉన్నది.

సంగతి ఏమంటే, 1990లలో కంప్యూటరు కొన్న సంఘాలలో ఆ పాత యంత్రం ఇంకా ఏ మూలనో గోనెపట్టా కప్పుకొని ఉండవచ్చు. ఎవరు ఏ పూట ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, ఎవరి పేర ఎన్ని వాటాలు ఉన్నాయి అన్నది అందులో ఉంటుంది. భూములు అమ్ముకొని, పాడి మానుకొని, వాటాధనం మాత్రం సంఘంలోనే ఉంచిన కుటుంబాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. పెద్దాయన పోయిన తరువాత వారసులు వచ్చి అడిగినప్పుడు కాగితపు రిజిస్టరు చెదలు తినేసి ఉంటే, ఆ డిస్కు తప్ప వేరే సాక్ష్యం ఉండదు. ఆ డిస్కు తెరుచుకోకపోతే ఎట్లా అన్నదే ఈనాటి ప్రశ్న.

ఆ రోజుల్లో డిస్కులు చాలా చిన్నవి. 40, 80, 120 మెగాబైట్లు. ఇప్పటి ఫోనులో తీసిన పది నిమిషాల వీడియో కూడా అందులో పట్టదు. పెద్ద డిస్కు కొనాలంటే డబ్బు ఎక్కువ. అందుకని ఉన్న డిస్కులోనే రెట్టింపు సరుకు పట్టించే సాఫ్ట్‌వేరులు వచ్చాయి. మొదట 1990లో స్టాక్ అనే కంపెనీవారి స్టాకర్, తరువాత 1993లో మైక్రోసాఫ్ట్‌వారి ఎంఎస్-డాస్ 6.0తో వచ్చిన డబుల్‌స్పేస్, ఆ తరువాత డ్రైవ్‌స్పేస్.

ఇది ఎట్లా పనిచేస్తుందో మన కార్యదర్శులకు వేరే చెప్పనక్కరలేదు. రిజిస్టరులో మొదటి వరుసలో ఊరి పేరు వ్రాసి, కింది వరుసలలో 'డిటో' గీతలు పెడతారు కదా! అదే పని. ఒకసారి వచ్చిన అక్షరాల వరుస మళ్ళీ వస్తే, దాన్ని తిరిగి వ్రాయకుండా "వెనక్కి ఇంత దూరం పోయి ఇన్ని అక్షరాలు తెచ్చుకో" అని చిన్న గుర్తు పెడుతుంది. మన పాల లెక్కలకు ఇది బాగా నప్పుతుంది. డీబేస్, ఫాక్స్‌ప్రో దస్త్రాలలో ప్రతి గడికీ ఇంత వెడల్పు అని కేటాయించి, పేరు చిన్నదైతే మిగిలినదంతా ఖాళీ అక్షరాలతో నింపుతారు. ఆ ఖాళీలన్నీ నొక్కేస్తే సగానికి సగం మిగులుతుంది.

డిటోలో ఉన్న చిక్కు కూడా ఇందులో ఉంది. మొదటి వరుస మీద నీళ్ళు పడితే కింది డిటోలకు అర్థం ఏముంటుంది? కుదించిన డిస్కులో ఏ ముక్క ఎక్కడున్నదో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. అది చెడితే, ముక్కలు క్షేమంగా ఉన్నా కూర్చుకోవడం బ్రహ్మప్రళయం.

ఇక ముఖ్యమైన మాట. దీన్ని ఒక్కటి గుర్తుపెట్టుకున్నా నేను వచ్చిన పని అయినట్లే. మీకు సి డ్రైవులో వందలాది దస్త్రాలు కనబడతాయి, అవన్నీ విడివిడిగా ఉన్నట్లు తోస్తుంది. నిజానికి అవన్నీ కలిపి ఒకే ఒక పెద్ద దస్త్రం. దాని పేరు డిబిఎల్‌స్పేస్.000 గానీ, డిఆర్‌విస్పేస్.000 గానీ అయి ఉంటుంది. అది సాధారణంగా కంటికి కనబడకుండా దాచబడి ఉంటుంది. యంత్రం లేచేటప్పుడు ఒక చిన్న ప్రోగ్రాము ఆ దస్త్రాన్ని తెరిచి, అదే సి డ్రైవు అన్నట్లు చూపి, అసలు డిస్కును హెచ్ అనో మరొక అక్షరంతోనో పక్కన పెడుతుంది.

ఆ చిన్న ప్రోగ్రాము లేవలేదనుకోండి. అప్పుడు అసలు డిస్కే సి అని కనబడుతుంది. చూస్తే నాలుగైదు దస్త్రాలు తప్ప ఏమీ లేవు, ఖాళీ చోటు కూడా లేదు. "లెక్కలన్నీ పోయాయి" అని గుండె జారుతుంది. బాగుచేయడానికి వచ్చినవాడు దాచిన దస్త్రాలను బయటకు తీసి చూస్తాడు. డిస్కంతా ఆక్రమించుకొని ఏమిటో తెలియని దస్త్రం ఒకటి కూర్చుంది. "ఇదేదో చెత్త, దీన్ని తీసేస్తే చోటు వస్తుంది" అంటాడు. కొంపలు మునిగేది ఇక్కడే. ఆ చెత్త అన్నదే మన పదేళ్ళ పాల లెక్క. దాన్ని చెరపవద్దు, డిస్కును ఫార్మాట్ చేయనివ్వవద్దు. ఎవరు ఎంత తెలివిగలవారైనా సరే, ముందుగా నకలు తీయనిదే దానిమీద చెయ్యి వేయనివ్వవద్దు.

తెరుచుకోకపోవడానికి కారణాలు చాలావరకు చిన్నవే. పాత యంత్రంలో బిళ్ళ బ్యాటరీ అయిపోతే డిస్కు కొలతలు అది మరచిపోతుంది. "డిస్కు లేదు" అంటుంది. ఇందులో కుదింపు సాఫ్ట్‌వేరు తప్పేమీ లేదు. సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఎన్నో డిస్కు మీది కాగితంపై తరచుగా అచ్చువేసి ఉంటుంది. బ్యాటరీ మార్చి, ఆ అంకెలు తిరిగి ఎక్కిస్తే చాలాసార్లు బండి కదులుతుంది. ముందు ఇది చూడండి.

యంత్రం ఫ్లాపీతో లేస్తున్న యెడల, ఆ ఫ్లాపీ ఏ రకం డాస్‌దో చూడాలి. ఇందులో ఒక వ్యాజ్యం కథ ఉంది. తమ పద్ధతిని వాడుకున్నారని స్టాక్ కంపెనీ 1993లో మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. 1994 ఫిబ్రవరిలో జ్యూరీ 12 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నది. ఎదురు దావాలో మైక్రోసాఫ్ట్‌కూ కొంత సొమ్ము దక్కింది, అది వేరే మాట. దాని ఫలితంగా డాస్ 6.21లో ఈ కుదింపు సౌకర్యమే తీసివేశారు. అదే ఏడు 6.22లో డ్రైవ్‌స్పేస్ పేరుతో మళ్ళీ పెట్టారు. అమెరికా కోర్టుతో మనకేమి పని అనుకోవద్దు. మీ చేతిలోని ఫ్లాపీ 6.21ది అయితే దానితో మీ లెక్కలు తెరుచుకోవు. 6.22ది అయితే డబుల్‌స్పేస్ దస్త్రాన్ని కూడా తెరుస్తుంది. విండోస్ 95 ప్లస్‌తోనూ, విండోస్ 98తోనూ వచ్చిన డ్రైవ్‌స్పేస్ 3తో కుదించినదాన్ని మాత్రం పాత డాస్ తెరవలేదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. డాస్ 6.0లో వ్రాసినది వెంటనే డిస్కుకు చేరేది కాదు, కాస్సేపు జ్ఞాపకంలో ఆగేది. సాయంత్రం పాలు పోయించుకొని కార్యదర్శి టక్కున స్విచ్ కట్టేసినా, కరెంటు పోయినా ఆ కాస్తా గాలిలో కలిసేది. కుదించిన డిస్కులో ఆ దెబ్బ ఒక దస్త్రంతో పోయేది కాదు. 1993 నవంబరులో వచ్చిన 6.2లో దీన్ని సరిదిద్ది, స్కాన్‌డిస్క్ అనే తనిఖీ ప్రోగ్రామును చేర్చారు. తప్పులున్నాయని యంత్రం చెబితే, ముందు అసలు డిస్కును, తరువాతే కుదించినదాన్ని స్కాన్‌డిస్క్‌తో చూడాలి. దిద్దకుండా చూసి మాత్రమే చెప్పే 'చెక్‌ఓన్లీ' పద్ధతి ఒకటి అందులో ఉంది. మొదట అదే వాడండి. కుదింపు సంగతి తెలియని పాత మరమ్మతు ప్రోగ్రాములను దగ్గరకు రానివ్వవద్దు.

ఖాళీ ఉందని చూపిస్తూనే "డిస్కు నిండింది" అంటే భయపడనక్కరలేదు. అది చూపే ఖాళీ ఉజ్జాయింపు మాత్రమే. రాబోయే సరుకు కూడా సగానికి కుదుస్తుందని లెక్కగట్టి చెబుతుంది. ఇదివరకే కుదించి ఉన్న బొమ్మలు, జిప్ దస్త్రాలు ఇంక నొక్కుడుపడవు గనుక లెక్క తప్పుతుంది.

ఇప్పటి కంప్యూటరుకు ఆ డిస్కు తగిలిస్తే? విండోస్ ఎక్స్‌పీ మొదలుకొని ఇప్పటివరకు వచ్చినవేవీ దీన్ని విప్పలేవు. పెద్ద దస్త్రం కనబడుతుంది, లోపలిది కనబడదు. పైగా మరీ పాత చిన్న డిస్కులను బజారులో దొరికే యూఎస్‌బీ తీగలు చాలావరకు గుర్తించవు. అందుకే పాత సామాన్లవాడికి ఆ యంత్రాన్ని తూకానికి వేయవద్దని మొత్తుకునేది.

ఎట్లాగో డిస్కును చదవగలిగితే, ముందుగా మొత్తం డిస్కుకు బిట్టు బిట్టుగా రెండు నకళ్ళు తీయించండి. అసలు డిస్కును బీరువాలో పెట్టి తాళం వేయండి. ఆపైన నకలును వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాములో తగిలించి, అందులోనే అసలైన డాస్ 6.22ను లేపితే సి డ్రైవు పూర్వంలాగే తెరుచుకుంటుంది. డ్రైవ్‌స్పేస్ 3 అయితే డాస్ బదులు విండోస్ 98ను లేపాలి. లినక్స్ తెలిసినవారు ఉంటే వారికి డిఎంఎస్‌డాస్ అనే పాత పనిముట్టు ఉంది. ఇక్కడి ఇంజనీరు పిల్లలకు ఇది ఆదివారం ఒక పూట పని. ఏమి వెతకాలో, ఏమి ముట్టుకోకూడదో మనం చెప్పగలిగితే చాలు.

లెక్కలు బయటికి వచ్చాక కాగితం మీద అచ్చు తీసి, ఏదైనా ఒక నెల మొత్తం లీటర్లను ఆ నెల చెల్లింపుల రిజిస్టరుతోనో, ఒకరిద్దరు సభ్యుల పాసుపుస్తకాలతోనో సరిచూడండి. అంకె కలిస్తే మిగతా నెలలు కూడా తీయవచ్చు. కలవకపోతే రెండో నకలు ఉన్నది కదా, దానితో మళ్ళీ మొదలుపెట్టండి.