ఫ్లాపీలో దాచిన తాటాకులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి ఉపన్యసించే అర్హత నాకు లేదు. గ్రంథాలయంలో క్యాటలాగు కార్డులు రాసుకుంటూ 31 ఏళ్ళు గడిపినవాణ్ణి. అయితే తప్పు చేసినవాడికి ఆ తప్పు గురించి చెప్పే హక్కు ఉంటుంది గదా! ఆ హక్కుతో నిలబడ్డాను.

1992 నుంచి మూడేళ్ళపాటు ఒక పండితులవారూ నేనూ కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెలు తిరిగాం. ఇళ్ళలో అటకల మీద ఉన్న తాటాకు పుస్తకాలు దింపించి, ఏ గ్రంథం, ఎన్ని ఆకులు, మొదలు ఏమిటి, చివర గద్య ఏమిటి, రాసిన లేఖకుడెవరు అని నోటుపుస్తకాల్లో ఎక్కించాం. పుస్తకాలు అడగలేదు, వివరాలే అడిగాం. తరవాత మా టైపిస్టుగారు అదంతా కొత్తగా వచ్చిన కంప్యూటరులో కొట్టారు. 11 ఫ్లాపీలయ్యాయి. అవి చేతికి రాగానే నోటుపుస్తకాలు పాతకాగితాలవాడికి వేసేశాను. ఇంకెవరో కాదు, నేనే. 'కంప్యూటర్లో ఉన్నాయి గదా' అనుకున్నాను. క్యాటలాగు మాత్రం అచ్చు కాలేదు. నిధులు లేవన్నారు.

2019లో హైదరాబాదు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఫోను చేసింది. తన విషయం డిజిటల్ హ్యుమానిటీస్ అట. అంటే సాహిత్యం, చరిత్ర వంటివాటిని కంప్యూటరు సాయంతో చదవడం, చదవడానికి వీలుగా భద్రపరచడం. "మాస్టారూ, మీ జాబితా ఒక్కసారి చూడవచ్చా?" అంది. బీరువాలోంచి ఫ్లాపీలు తీశాను. ఆ అమ్మాయి తెచ్చిన చిన్న డ్రైవులో ఏడు తెరుచుకున్నాయి. నాలుగింటికి లోపల బూజు పట్టింది.

తెరుచుకున్న ఏడింటిలోనూ తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు. నా గుండె జారిపోయింది. అప్పుడా అమ్మాయి విడమరిచి చెప్పింది. ఆనాటి డీటీపీలో కంప్యూటరు 'క'ను 'క'గా గుర్తుపెట్టుకోలేదు. ఇంగ్లీషు అక్షరానికున్న గదిలో 'క' బొమ్మను కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే గజిబిజి. ఇప్పటి యూనికోడ్‌లో 'క'కు 3093 అని సొంత సంఖ్య ఉంది, ప్రపంచంలో ఎక్కడైనా అదే. తెలుగుకు అందులో 1991లోనే చోటు దొరికింది. మన డీటీపీ కేంద్రాలకు ఆ కబురు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది, అంతే. ఫాంటు పేరు కనుక్కుని, ఏ గుర్తుకు ఏ అక్షరమో పట్టిక రాసి మార్చింది. వత్తులు తారుమారయ్యాయి. ఆరు నెలలు సాయంత్రాలు కూర్చుని నేనే ప్రూఫులు దిద్దాను. నా భార్య మళ్ళీ ఉద్యోగంలో చేరారా అని నవ్వేది.

ఇలా మోసపోయింది నేనొక్కణ్ణే కాదని ఆ అమ్మాయి ఇంగ్లండు సంగతి చెప్పి ఓదార్చింది. 1086లో విలియం రాజు తన రాజ్యంలోని భూములు, పశువులు, మరలు లెక్క రాయించాడు. డూమ్స్‌డే బుక్ అంటారు. తోలు పత్రాల మీది ఆ రాత నేటికీ చదవవచ్చు. దానికి 900 ఏళ్ళు నిండాయని 1986లో బి.బి.సి. వారు కొత్త డూమ్స్‌డే తయారుచేశారు. బడిపిల్లలతో సహా పది లక్షలమందికి పైగా తమ ఊళ్ళ సంగతులు, ఫొటోలు పంపారు. 25 లక్షల పౌండ్ల ఖర్చుతో గ్రామఫోను రికార్డంత లేజర్ డిస్కులు రెండింటిలో ఎక్కించారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి వాటిని చదివే యంత్రాలు కరువయ్యాయి. అప్పుడు లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వారు పూనుకుని, కొత్త కంప్యూటరు పాత కంప్యూటరులా నటించే ప్రోగ్రాము రాశారు. దీన్ని ఎమ్యులేషన్ అంటారు. 2002లో డిస్కులు మళ్ళీ పలికాయి. 2011లో బి.బి.సి. ఆ ఊళ్ళ సంగతుల్ని ఇంటర్నెట్‌లో పెట్టింది, 2018లో ఆ సైటూ మూసేసింది. దాని నకలు జాతీయ అభిలేఖాగారం వారి దగ్గర ఉంది. ఒకసారి కాపాడినదాన్నే మళ్ళీ కాపాడవలసి వచ్చింది చూడండి.

మన దగ్గరా అదే వరస. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. వంటి కేంద్రాల్లో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. ఆ సైటు 2017 ప్రాంతంలో మూతపడింది. ఎవరో ఓపికగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్ళు ఉంచబట్టి నేటికీ మనవలు వాటిని ఫోన్లో చదువుతున్నారు.

ఆలోచిస్తే ఇది మన పెద్దలకు తెలిసిన పనే. తాటాకు శిథిలమయ్యేలోగా గంటం పట్టి మరో ప్రతి ఎత్తేవారు. బ్రౌను దొర కడపలో పండితులకు జీతాలిచ్చి తాటాకు ప్రతుల్ని కాగితం మీదికి ఎక్కించాడు. నేనేమో ఒక ప్రతి పుట్టగానే రెండోదాన్ని అమ్మేశాను! ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పిల్లలకు ఇదే పాఠం: నకళ్ళు ఒకచోట ఉంచకు, ఏళ్ళకొకసారి తెరిచి చూడు, ఎవరైనా చదవగల రూపంలో దాచు.

పోయిన నాలుగు ఫ్లాపీల మాట మిగిలింది. మేము చూసిన ఇళ్ళలో చాలావాటిని ఈపాటికి పడగొట్టి కట్టారు. నిరుడు ఆ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళాను. ఒకచోట ఆ ఇంటి కోడలు, "అత్తగారు పోయాక గోదావరిలో కలిపేశామండీ" అంది. తప్పుగా కాదు, భక్తితోనే కలిపారు. ఆ గ్రంథాలకు నా జాబితా ఒక్కటే ఆనవాలు. అదీ బూజుపట్టిన ఫ్లాపీలోనే ఉండిపోయింది.

కాబట్టి ఒక మనవి. 1994, 95 ప్రాంతంలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద తీసిన ప్రూఫులు, అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితాలు, దిద్దిపెట్టమని మా విభాగంలో నలుగురైదుగురికి పంచాను. ఎవరెవరికి ఇచ్చానో గుర్తులేదు. పిల్లల పుస్తకాలకు అట్టలు వేసుకున్నా సరే, ఒక్క కాగితం మిగిలినా సరే. దయచేసి అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో చూడండి. దొరికితే సంఘం కార్యాలయంలో ఇవ్వండి, లేదా కబురు పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను.

సెలవు.