సహోదరుని యొద్ద కారు కొనేటప్పుడు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: యిర్మీయా 32:6-15



ఈ మధ్య మాకు వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని గూర్చి ఈ దినము మీతో మాట్లాడాలని ప్రభువు నన్ను ప్రేరేపించాడు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు రాశాడు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతాను. "అయ్యగారూ, చిన్నప్పటి నుండి నాకు పోర్షే కారంటే ఇష్టం. కొత్తది కొనే శక్తి లేదు. మా సంఘ పెద్దగారు తన 2013 మోడల్ బాక్‌స్టర్ కారు అమ్ముతున్నారు. 45 లక్షలు చెప్పారు. నా దగ్గర 30 ఉన్నాయి, మిగిలినది లోను పెడతాను. మెకానిక్‌ను తెచ్చి చూపించుకుంటానంటే ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, 'ప్రభువు బల్ల దగ్గర కలిసి కూర్చునేవాళ్ళం, నన్ను నమ్మవా' అన్నారు. నేనేం చేయాలి? అసలు ఇలాంటి కారు కొనడం పాపమా?"

మొదట పాపమా అన్నదానికి జవాబు చెప్పి ముందుకు వెళదాం. కారు ఇనుము, అల్యూమినియం, రబ్బరు. దానిలో పాపం లేదు. ఒక మంచి యంత్రాన్ని చూసి సంతోషించే మనస్సును కూడా దేవుడే ఇచ్చాడు. అయితే ఆ రోజుల్లో రథమంటే ఏమిటో చూడండి. రాజులు మొదటి గ్రంథము పదో అధ్యాయములో సొలొమోను ఐగుప్తు నుండి తెప్పించిన రథము ఒక్కొక్కటి 600 తులముల వెండి, గుఱ్ఱము 150 తులములు అని లెక్క రాసి ఉంది. పరదేశపు సరుకు, దిగుమతి ధర! అలాంటివి ఆయనకు 1,400 ఉన్నాయి. రాజు గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకోకూడదని, వాటికోసం జనులను ఐగుప్తుకు పంపకూడదని ద్వితీయోపదేశకాండము పదిహేడో అధ్యాయములో ముందే చెప్పబడింది. ఆ రథాలకు పెట్టిన ఖర్చు ఎవరి వీపు మీద పడింది? సొలొమోను చనిపోగానే జనులు ఆయన కుమారుని దగ్గరకు వచ్చి, మీ తండ్రి పెట్టిన బరువు తగ్గించమని అడిగారు. కాబట్టి తమ్ముడూ, నీ రథము బరువు ఎవరి మీద పడుతుంది అన్నదే అసలు ప్రశ్న. దాని దగ్గరకు తిరిగి వస్తాను.

ఇప్పుడు సంఘ పెద్దగారి మాట. "నన్ను నమ్మవా?"

ప్రియులారా, ఈ ఒక్క మాట వల్ల మన సంఘాల్లో ఎన్ని సంబంధాలు తెగిపోయాయో మీకు తెలుసు. స్థలాలు, చిట్టీలు, పెళ్ళి సంబంధాలు, ఇప్పుడు కార్లు. కాగితం అడిగితే విశ్వాసం లేనట్టు, సాక్షిని పిలిస్తే అవమానించినట్టు అనుకుంటాము. వాక్యము అలా చెప్పడం లేదు. యిర్మీయా ముప్పై రెండో అధ్యాయము తెరవండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడి వేసింది. ప్రవక్త చెరసాల ప్రాకారములో ఖైదీగా ఉన్నాడు. అప్పుడు సొంత పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొను అంటాడు. అమ్మేవాడు రక్తసంబంధి. కొనమని చెప్పినవాడు దేవుడే. ఇంతకంటే నమ్మకం ఇంకెక్కడ ఉంటుంది? అయినా యిర్మీయా ఏమి చేశాడు? 17 తులముల వెండి త్రాసులో తూచాడు. పత్రం రాసి సంతకం చేసి ముద్ర వేశాడు. సాక్షులను పిలిపించాడు. ముద్ర వేసినది ఒకటి, విప్పి ఉన్నది ఒకటి, రెండు ప్రతులు అందరి ఎదుట బారూకు చేతికిచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. హనమేలు ముఖం చిన్నబుచ్చుకున్నట్టు ఎక్కడా రాయలేదు.

కాబట్టి తమ్ముడూ, మెకానిక్‌ను తీసుకువెళ్ళు. అమ్మే ఆయన ఇచ్చిన మెకానిక్ కాదు, నీవు డబ్బు చెల్లించే మెకానిక్. అది ప్రేమకు విరోధం కాదు. ఆ పెద్దగారికే తెలియని లోపం కారులో ఉండవచ్చు కదా! ఆయన కూడా ఎవరి దగ్గరో కొని ఉండవచ్చు.

యెహోషువ తొమ్మిదో అధ్యాయములో గిబియోనీయులు వచ్చారు. చినిగిన గోనెలు, అతుకులు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టె. పాతవాటిని చూపించి దూరదేశం నుండి వచ్చామని నమ్మించారు. ఈ రోజుల్లో పాతవాటిని కొత్తవిగా చూపిస్తున్నారు, అంతే తేడా. 90 వేల కిలోమీటర్లు తిరిగిన కారు మీటరు 35 వేలకు దిగుతుంది. పెద్దలు ఆ రొట్టె పట్టుకుని చూశారు గానీ యెహోవా యొద్ద విచారణ చేయలేదని వాక్యము చెబుతుంది. మూడు దినాల తరువాత నిజం బయటపడింది, కానీ అప్పటికే ప్రమాణం చేసేశారు. మమ్మల్ని, అంటే పాస్టర్లను, కారు దగ్గరకు ప్రార్థనకు పిలుస్తారు, సంతోషం. బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాము. కానీ పిలిచేది ఎప్పుడూ కొన్న తరువాతే. కొనకముందు పిలిచినవారు నాకు తక్కువ. వెనుక అద్దం మీద వాక్యం స్టిక్కరు చూసి కారు మంచిదనుకునేవారు కూడా ఉన్నారు.

వాహనాల పని తెలిసిన ఒక సహోదరుణ్ణి అడిగి, ఏమేమి చూడాలో రాసుకున్నాను. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయట. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైందని. కిలోమీటర్లు తక్కువ అని చెబుతున్న కారుకు టైర్లు రెండుసార్లు మారి ఉంటే అడగవలసిందే. రంగు మందం కొలిచే చిన్న పరికరం ఉంటుంది. కంపెనీ రంగు సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల దాకా చూపిస్తుంది. ఒక తలుపు దగ్గర అది ఒక్కసారిగా అయిదారు రెట్లు చూపిస్తే, ఆ రంగు కింద లప్పం, లప్పం కింద పాత దెబ్బ ఉన్నట్టే. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడమన్నాడు. 2015లో చెన్నైలో, 2020 అక్టోబరులో మన హైదరాబాదులో వరదలు వచ్చి ఎన్నో కార్లు మునిగాయి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు గానీ, బెల్టు లోపలి చుట్టలో బురద మరక నిలిచిపోతుంది.

ఇంకొక సంగతి చెప్పాడు, అది నా మనస్సులో నాటుకుంది. ఈ కార్లలో డ్రైవరు తప్పు గేరు వేసి ఇంజనును హద్దు మించి తిప్పితే, ఆ సంగతిని లోపలి కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. ఎన్నిసార్లు జరిగింది, ఇంజను ఎన్ని గంటలు నడిచాక జరిగింది, అన్నీ ఉంటాయి. యజమాని మరచిపోతాడు. కారు కడిగి, మైనం పూసి, సువాసన డబ్బా పెడతాడు. కంప్యూటరుకు తీగ తగిలించి అడిగితే అది చెప్పేస్తుంది. ఆయన కన్నులకు మరుగైనది ఏదీ లేదని హెబ్రీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం చెప్పినప్పుడు మనం ఆమేన్ అంటాము. మనిషి చేసిన చిన్న పెట్టెకే ఇంత జ్ఞాపకముంటే!

అలాగే 1997 నుండి 2008 వరకు వచ్చిన బాక్‌స్టర్, 911 కార్లు చాలావాటిలో ఇంజను లోపల ఒక బేరింగు ఉండేది. అరచేతిలో పట్టే వస్తువు. అది విరిగితే ఇంజను మొత్తం పోతుంది. 2009 మోడల్ నుండి అది లేని కొత్త ఇంజను పెట్టారు. తమ్ముడు చూస్తున్న 2013 కారుకు ఇది వర్తించదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, పాతది చౌకగా వస్తోందని ఇంకా వెనక్కి వెళ్ళేవారు ఉంటారు. వారికి తెలియాలి.

ఇప్పుడు ఆ పెద్దగారు ఈ ప్రసంగం వింటూ ఉంటే, అయ్యా, మీతో రెండు మాటలు. నిర్గమకాండము ఇరవై ఒకటో అధ్యాయములో పొడిచే ఎద్దును గూర్చిన చట్టం ఉంది. ఎద్దు మొదటిసారి పొడిస్తే యజమాని నిర్దోషి. అది పొడిచే ఎద్దు అని ముందే తెలిసి, కట్టివేయకపోతే అతడు దోషి. అక్కడ తేడా అంతా తెలిసి ఉండడంలోనే ఉంది. బ్రేకు ఒక పక్కకు లాగుతుందని మీకు తెలుసా? ఆయిలు కారుతుందని సర్వీసువాళ్ళు మీకు చెప్పారా? తెలిస్తే, ఆ అబ్బాయి అడగకముందే చెప్పండి. గంటకు 200 కిలోమీటర్లు దాటి వెళ్ళగల వాహనంలో దాచిన లోపం, పొడిచే ఎద్దుకంటే తక్కువది కాదు.

కాగితాలు కూడా మీ క్షేమం కోసమే. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి ఊరుకుంటే సరిపోదు, ఆర్‌సీ మీద పేరు మారాలి. కారు మీద లోను ఉంటే బ్యాంకు ఫారం 35 ఇచ్చి దాన్ని తీయించాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది. బండి చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో, ప్రమాదం జరిగితే నష్టపరిహారానికి వారే బాధ్యులు అని. నమ్మకం మీద కారు ఇచ్చి పేరు మార్చకుండా వదిలితే, అబ్బాయి చేసిన ప్రమాదానికి మీకు నోటీసు వస్తుంది. ఇన్సూరెన్సు బదిలీకి కొన్నవారు 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. ఇవన్నీ మట్టికుండలో పెట్టవలసిన పత్రాలే.

తమ్ముడూ, నీకు కూడా ఒక హెచ్చరిక ఉంది. సామెతలు ఇరవయ్యో అధ్యాయములో కొనేవాడి నాటకం ఒకటి ఉంది. సరుకు ముందు నిలబడి బాగోలేదు, బాగోలేదు అంటాడట. ఇంటికి తీసుకుపోయాక, ఎంత చౌకగా కొట్టేశానో చూడండని చెప్పుకుంటాడట. మనవాళ్ళు దీన్ని బేరం అంటారు. నిజంగా ఉన్న లోపానికి ధర తగ్గించమని అడుగు, తప్పు లేదు. రిపోర్టులో బ్రేకు డిస్కులు అరిగాయని ఉంటే ఆ ఖర్చు తగ్గించమను. లేని లోపాన్ని కల్పించి ఆ పెద్దాయనను కంగారు పెట్టవద్దు. కొంత నగదుగా ఇచ్చి, కాగితం మీద తక్కువ రాద్దామని మధ్యవర్తి ఎవరైనా అంటే, రెండు రకాల తూనికరాళ్ళను దేవుడు అసహ్యించుకుంటాడని గుర్తుంచుకో.

ఇక లెక్క. గోపురము కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు లూకా పద్నాలుగో అధ్యాయములో చెప్పాడు. పాత స్పోర్ట్స్ కారు విషయంలో మనవాళ్ళు పొరపడేది ఇక్కడే. కారు ధర సగానికి పడిపోతుంది. దాని టైరు ధర పడిపోదు. సర్వీసు ధర, స్పేరు పార్టు ధర పడిపోవు. నీవు 45 లక్షల కారు కొంటున్నాననుకుంటావు, ఖర్చు మాత్రం కొత్త పోర్షే యజమాని లాగానే పెడతావు. కింది భాగం నేలకు దగ్గరగా ఉంటుంది, మన స్పీడు బ్రేకర్ల సంగతి నీకు తెలుసు. పైగా అందులో ఉన్నవి రెండే సీట్లు. అమ్మను, నాన్నను ఒకేసారి ఆరాధనకు తీసుకుని వెళ్ళలేవు!

నాన్న అంటే గుర్తుకు వచ్చింది. నీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు కారు గురించి రాశావు. చివర రెండు వరుసలు ఇలా ఉన్నాయి: "నాన్నగారు నా ఇంజనీరింగ్ కోసం ఎకరం తాకట్టు పెట్టారు, 4 లక్షల దాకా ఇంకా ఉంది. కారు సంగతి చెబితే 'నీ ఇష్టంరా' అన్నారు." నేనూ, అమ్మగారూ ఆ రెండు వరుసల దగ్గరే ఆగిపోయాము. మన ఊళ్ళలో తండ్రి "నీ ఇష్టంరా" అన్నాడంటే సమ్మతించాడని కాదు, తమ్ముడూ. అది నీకూ తెలుసు, తెలియబట్టే రాశావు. ఆ కారుకు ఒక సంవత్సరం టైర్లు, ఇన్సూరెన్సు, సర్వీసు కలిపితే ఆ తాకట్టు సొమ్ముకు పెద్ద దూరం ఉండదు. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకున్నవారిని మార్కు సువార్త ఏడో అధ్యాయములో ప్రభువు గద్దించాడు. దేవుని పేరు చెప్పినా ఒప్పుకోనివాడు, బాక్‌స్టర్ పేరు చెబితే ఒప్పుకుంటాడా?

30 లక్షల్లో 4 తీసి ముందు ఆ ఎకరం విడిపించు. బ్యాంకు నుండి పట్టాదారు పుస్తకం తెచ్చి నీ చేత్తో నాన్న చేతికివ్వు. అప్పుడు అడుగు, "నాన్నా, కారు కొనుక్కోనా?" అని. అప్పుడు ఆయన చెప్పే మాట నాకు ఇంకొక ఉత్తరంలో రాయి. అప్పటికీ ఆ పెద్దగారి కారు అమ్ముడుపోకుండా ఉంటే, మెకానిక్ రిపోర్టు కూడా జతచేయి. కొనకముందే ప్రార్థనకు పిలువు, వస్తాను.

తలలు వంచుదాం. ప్రభువా, ఈ తమ్ముణ్ణి, ఆయన తండ్రిని, ఆ సంఘ పెద్దగారిని నీ సన్నిధిలో పెడుతున్నాము. వారు మళ్ళీ నీ బల్ల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకుని కూర్చునేటట్లు చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.