వినలేని బిడ్డకు ఊరే తోడు

గ్రామపెద్దలారా,

చెవిటివాని ముందర శంఖమూదినట్లని మనలో ఒక సామెత కలదు. దానిని మనము నవ్వుచు వాడుదుము. కాని ఆ సామెతలో తప్పెవరిది? చెవిటివానిది కాదు, వానికి కన్నులున్నవని యెఱిగియు శంఖమునే పట్టుకొని నిలిచినవానిది. నేటి నా ప్రసంగమునకు ఈ మాటయే మూలము.

మన పల్లెలలో వినలేని బిడ్డ గల యింటిని తలచుకొనుడు. రెండేండ్లు నిండినను బిడ్డకు మాటలు రావు. వాని మేనమామకును నాలుగేండ్లకు గాని మాటలు రాలేదని ఒకరందురు. నాలుకపై వస రాయుడని మఱియొకరు చెప్పుదురు. పూర్వజన్మ కర్మమని వేఱొకరు తల్లి మనస్సును నొప్పింతురు. ఈలోపల తిరిగిరాని కాలము గడచిపోవును. నిజమునకు అట్టి బిడ్డలలో పెక్కుమందికి నాలుకలో దోషమేమియు ఉండదు. పిల్లలకు మాట చెవిద్వారా అబ్బును. వినని మాటను పలుకుట వారికి దుస్సాధ్యము.

చెవుడునకు కారణములు పెక్కు కలవు. గర్భిణికి రుబెల్లా సోకుట, నెలలు నిండక పుట్టుట, పసికందునకు పచ్చకామెర్లు ముదురుట, మెదడు పొరల వాపు, చెవినుండి చీము కారుచున్నను ఉపేక్షించుట, ఇవి కొన్ని. వంశపారంపర్యముగ వచ్చునది మఱియొకటి. మేనరికములలో ఒకే దోషబీజము తల్లిదండ్రు లిరువురియందును ఉండుటకు అవకాశము హెచ్చు. కావున అట్టి సంతానమునకు ఈ భయమును హెచ్చు. ఇందులో తల్లి చేసిన పాపమేమియు లేదు.

ఈ వంశదోషము నిండిన ఒక సీమవారు దాని నెట్లు నిర్వహించుకొనిరో వినుడు. అమెరికాలో మసాచుసెట్స్ తీరమునకు చేరువను మార్తాస్ వినియార్డ్ అను ద్వీపము కలదు. 17వ శతాబ్దమున ఇంగ్లండునుండి వలసవచ్చిన కుటుంబములు అచట స్థిరపడి, తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుచు వచ్చెను. దాని ఫలితముగ 19వ శతాబ్దమునాటికి ఆ ద్వీపములోని చిల్మార్కు అను ఊరిలో 25 మందికి ఒకరు పుట్టుచెవిటివారైరి. అమెరికా దేశమంతటిమీద చూచినచో ఆనాడు సుమారు 5,700 మందికి ఒకరే అట్టివారు.

ఆ ఊరివారు వారిని ఒక మూల కూర్చుండబెట్టలేదు. చెవులున్నవారందఱును చిన్ననాటనే చేతులతో మాటలాడ నేర్చిరి. అంగడిలోను, పొలములోను, ప్రార్థనాలయమునను అదియే వాడుక. సముద్రముపై ఒక పడవవారు దూరముననున్న వేఱొక పడవవారితో, కేక వినరానిచోట, ఆ సంజ్ఞలతోనే సంభాషించెడివారు. చెవిటివారు సేద్యము చేసిరి, చేపలు పట్టిరి, చెవులున్నవారిని వివాహమాడిరి, ఊరి పదవులను వహించిరి. నోరా గ్రోస్ అను విదుషి అచటి వృద్ధులను విచారించి 1985లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ వృద్ధులు తమ పాత ఇరుగుపొరుగువారిని గూర్చి చెప్పునపుడు వారు గొప్ప జాలరులనియో, మంచి రైతులనియో చెప్పిరే గాని, చెవిటివారను సంగతి గుర్తుచేసి అడిగినగాని వారికి స్ఫురింపలేదట! ఆ ద్వీపమున చెవుడుండెను; చెవుడువలన కలుగు ఒంటరితనము లేకుండెను. బయటి సంబంధములు పెరిగిన కొలది ఆ వంశదోషమును సన్నగిల్లెను.

సంజ్ఞలు నేర్పినచో బిడ్డకు మాట రాదని కొందఱు శంకింతురు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరమున కూడిన బధిరవిద్యా మహాసభ ఇట్లే తలచి, పాఠశాలలలో సంజ్ఞలను మాన్పవలెనని తీర్మానించెను. పెక్కు దేశములలో తరములకొలది పిల్లలు తమ భాషకు దూరమైరి. తుదకు 2010లో కెనడాలోని వాంకూవరు నగరమున కూడిన మహాసభయే ఆ తీర్మానములను త్రోసివైచి విచారము తెలిపెను. వినికిడి యంత్రమును, శస్త్రచికిత్సయు, చేతిభాషయు ఒకదానికొకటి శత్రువులు కావు.

ఇక మనము చేయవలసిన పనులను చెప్పెదను. శిశువు పుట్టిన నెలలోపల వినికిడి పరీక్షయు, మూడు నెలలలోపల రోగనిర్ధారణయు, ఆరు నెలలలోపల తగిన సాయమును జరుగుట మేలని వైద్యుల మతము. నిద్రించు పసికందును సైతము పరీక్షింపగల యంత్రములు నేడున్నవి. కావున మీ యూరి ఆశా కార్యకర్తను అడిగి, అట్టి బిడ్డను పెద్ద ఆసుపత్రికి పంపుడు. దారిబత్తెము లేని తల్లికి చందా వేసియైనను సాయపడుడు.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితముగ చదువుకొను హక్కు కలదు. ఇంటిలో కల్పించుకొన్న సైగలు అన్నమునకు, నీళ్లకు చాలును గాని, రేపు అనుటకును ఎందుకు అనుటకును చాలవు. కావున ఆ బిడ్డ తనవంటి పిల్లల నడుమ పెరిగి, భారతీయ సంజ్ఞాభాషను నేర్వవలెను. ఢిల్లీలో 2015లో స్థాపితమైన కేంద్రము 2021 నాటికి 10,000 పదముల సంజ్ఞా నిఘంటువును సిద్ధపఱచినది. దానిని చేతి ఫోనులో చూచి ఊరి పిల్లలును నేర్చుకొనవచ్చును.

పెద్దలారా, ఇది జాలిపని కాదు, న్యాయము. అన్నదమ్ముల పంపకములో చెవిటి తమ్ముని వ్రేలిముద్ర వేయించునపుడు వానికి ఆ పత్రము తెలిసినదా యని ఎవరు చూతురు? కూలి తక్కువ యిచ్చినచో వాడెవరితో మొఱపెట్టుకొనును? చెవిటి బాలికకు ఆపద వాటిల్లినచో ఎవరితో చెప్పుకొనును? ఊరిలో నలుగురికైన ఆ భాష వచ్చియుండినగాని ఆమె నోరులేనిదే యగును.

తుదకొక చిన్న మనవి. చేతులతో మాటలాడువారు ప్రతి మనుష్యునికిని ఒక సంజ్ఞను పేరుగ పెట్టుదురు. మీ యూరి బిడ్డయు మీకొక పేరు పెట్టియుండవచ్చును. అది మీ మీసమో, మీ తలపాగయో కావచ్చును. నేటి సాయంకాలమే వాని దగ్గఱ కూర్చుండి ఆ పేరేమో అడిగి తెలిసికొనుడు. పిమ్మట వానికి పిలుపందునట్లు మీ చేయి కదల్పుడు. శంఖమును ప్రక్కన బెట్టవచ్చును.