అండాశయములకు ప్రాకు క్యాన్సరు: శస్త్రచికిత్స, ఫలితము



విద్యార్థివేతనములు, వసతిగృహములు చర్చింపబడు ఈ వేదికపై స్త్రీల వ్యాధినిగూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. వైద్యసహాయనిధి తీర్మానము మీ యెదుట నున్నది. శరీరమున ప్రాకిపోయిన క్యాన్సరునకు ద్రవ్యము వెచ్చించుట బూడిదలో పోసిన పన్నీరని కొందఱు పోషకుల యభిప్రాయము. అందెంత నిజము కలదో విన్నవించుటకే మేము నిలిచితిమి.

అండాశయమునందే పుట్టు క్యాన్సరు వేఱు. మఱియొకచోట పుట్టి అచ్చటికి చేరునది వేఱు. అన్నకోశము, పెద్దప్రేగు, అపెండిక్సు, స్తనము దీనికి ముఖ్యమగు పుట్టినిండ్లు. 1896లో జర్మను వైద్యుడగు క్రుకెన్‌బెర్గు ఇట్టి గడ్డలను వర్ణించి, అవి అండాశయమునందే జనించినవని తలంచెను. 1902లో ష్లాగెన్‌హౌఫరు అవి ఇతరావయవములనుండి, విశేషించి అన్నకోశమునుండి, వచ్చినవని తేల్చెను. అయినను పేరు మాత్రము మొదటివానిదే నిలిచినది. సూక్ష్మదర్శినిలో ఆ కణములు జిగురుతో నిండి, నడిమి బీజము ఒక ప్రక్కకు ఒత్తిగిలి, ముద్రటుంగరములవలె గోచరించును.

1889లో ఆంగ్లవైద్యుడగు స్టీఫెన్ పేజెట్, స్తనక్యాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల వివరములు పరిశీలించి, విత్తనము నలుదెసల చల్లబడినను తగిన నేలయందే మొలచునని చెప్పెను. సేద్యమెఱిగిన సభ్యులకు ఇంతకంటె వ్యాఖ్యానము వలదు. ఋతుక్రమము నిలువని వయస్సున అండాశయములకు రక్తప్రసారము విస్తారము. ఈ వ్యాధి ఆ వయస్సువారియందు హెచ్చుగా కనబడుటకు అదియొక కారణమని భావింపబడుచున్నది. పసిబిడ్డల తల్లులు సైతము దీనికి లోబడుచున్నారు.

పొట్ట ఉబ్బుట, నీరు చేరుట, నొప్పి, ఋతుక్రమమున మార్పు: ఇవియే తఱచుగా మొదటి గుర్తులు. మూలస్థానమందలి పుండు ఏ బాధయు తెలుపక దాగియుండవచ్చును. ఇంటివారు వాయువనియు, వయస్సు మార్పనియు సరిపెట్టుకొందురు. కన్యయైనచో సంబంధములు చెడునను భయమున పరీక్షనే వాయిదా వేయువారు కలరు. కులగౌరవము పేరిట జరుగు ఈ దాపఱికమును ఈ సభయందే ప్రస్తావింపనిచో మఱెక్కడ ప్రస్తావింపవలెను?

ఇక శస్త్రచికిత్స. కత్తి పట్టుటకు ముందు గడ్డ యెచ్చటినుండి వచ్చినదో వెదకవలెను. అన్నకోశమునకు ఎండోస్కోపీ, పెద్దప్రేగునకు కొలనోస్కోపీ, స్తనపరీక్ష జరుగక అండాశయమును మాత్రము తీసివేసినచో మూలము లోపలనే మిగిలిపోవచ్చును. వ్యాధి తఱచు రెండువైపులను ఉండును గనుక రెండు అండాశయములను తీయుట సామాన్యము. ఫలితము రెండింటిపై నాధారపడును: పుట్టినచోటు యేది, కంటికి కనబడు వ్యాధి యేమైన మిగిలినదా యనునవి.

పెద్దప్రేగునుండి వచ్చినదైనచో, ఇతర గడ్డలను అణచు మందులకు అండాశయమందలి గడ్డ తఱచు లొంగదు. కావున శస్త్రచికిత్సకు ప్రత్యేక స్థానము కలదు. సమస్తమును తొలగింప వీలైనచో సంవత్సరములు జీవించినవారు కలరు. అన్నకోశమునుండి వచ్చినదైనచో ఆశ చాల తక్కువ. పెక్కు పరిశీలనలలో జీవితకాలము ఏడాదికి ఇటునటుగానే తేలినది. మందులకు లొంగి, వ్యాధి పూర్తిగా తీయదగిన కొలదిమందికి శస్త్రచికిత్స మేలు చేసినట్లు కనబడుచున్నది. అయితే ఆ లెక్కలు మిక్కిలిగా పాత రికార్డులనుండి తీసినవి. బలముగలవారినే కత్తికి ఎన్నుకొనుట సహజము గనుక కీర్తియంతయు కత్తిదే యనరాదు. స్తనక్యాన్సరు వచ్చిన స్త్రీకి అండాశయమున గడ్డ కనబడినచో అది ప్రాకినదే యని నిశ్చయింపరాదు. వంశపారంపర్యముగా వచ్చు బి.ఆర్.సి.ఏ. జన్యుదోషమువలన అది క్రొత్త క్యాన్సరు కావచ్చును. అప్పుడు చికిత్సయు ఫలితమును వేఱు.

ఆయువు పెరుగనిచోటను చేయదగినది లేకపోలేదు. పెద్ద గడ్డ ప్రేవులను అదుముచుండగా దానిని తీయుట, చేరిన నీటిని తీయుట, మార్ఫీనుతో నొప్పి అణచుట పన్నీరును బూడిదలో పోయుట యెట్లగును?

మఱియొక మాట. రోగికి వ్యాధి పేరు చెప్పక భర్తయు, మామగారును నిశ్చయించుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. వయస్సులో నున్న స్త్రీకి రెండు అండాశయములు తీసినచో ఋతువు తక్షణమే నిలిచిపోవును, సంతానాశ యుడుగును. అది ఆమెకు ముందే తెలియవలదా?

కావున తీర్మానమునకు మేము కోరు సవరణలివి. నిధిలో మొదటి భాగము ఆపరేషనునకు గాక పరీక్షలకు కేటాయింపవలెను. బయాప్సీ పలకలను హైదరాబాదు ఎం.ఎన్.జె. సంస్థకో, 1954లో వెలసిన అడయారు క్యాన్సరు సంస్థకో కొనిపోయి మరల చూపించుటకును, తోడు వెళ్లువారి ప్రయాణ వసతులకును సహాయము చేయవలెను. సహాయము పొందిన స్త్రీల పేర్లు వార్షిక నివేదికలో అచ్చు వేయరాదు. దరఖాస్తుపై ఇంటి పెద్ద సంతకమున్నను లేకున్నను, రోగి సంతకము మాత్రము ఉండవలెను.