అడవి చప్పుళ్ళు - సంగీతం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడడానికి వేరే వక్తలున్నారు, మీరు మనసుకు ఆహ్లాదం కలిగించే విషయమేదైనా చెప్పండి అన్నారు కార్యదర్శి గారు. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. ముప్పై అయిదేళ్ళు నీటిపారుదల శాఖలో గుమాస్తాగా ఫైళ్ళు కదిపినవాణ్ణి. నాకు పాడడం రాదు, వినడమొక్కటే వచ్చు. కనుక ఆ వినడం గురించే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

మా సబ్ డివిజన్‌లో ఒక లస్కరు ఉండేవాడు. చదువు లేదు. రాత్రివేళ లాకు దగ్గర నిలబడి నీటి చప్పుడు విని, వరద పెరుగుతోందో తీస్తోందో చెప్పేవాడు. తెల్లారి గేజి చూస్తే అతను చెప్పినట్లే ఉండేది. ప్రకృతి చప్పుళ్ళలో ఒక లెక్క ఉంటుందని నాకు మొదట తెలిసింది అతని వల్లనే. ఆ లెక్కను సంగీతజ్ఞులు ఏనాడో పట్టుకున్నారు.

మన పెద్దలు సప్తస్వరాలను జంతువుల, పక్షుల గొంతులతో ముడిపెట్టారు. నారదీయ శిక్ష ప్రకారం నెమలిది షడ్జమం, ఎద్దుది రిషభం, మేకది గాంధారం, క్రౌంచ పక్షిది మధ్యమం, వసంతంలో కోకిలది పంచమం, గుర్రానిది ధైవతం, ఏనుగుది నిషాదం. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని కొలిస్తే ఇది సరిపోతుందని నేననను. కాని స్వరం మనిషి గొంతులోనే పుట్టలేదు, చుట్టూ ఉన్న సృష్టిలోంచి వచ్చిందని వారు నమ్మారు. ఆ వినయం నాకు నచ్చుతుంది.

త్యాగరాజస్వామి (1767-1847) తిరువయ్యారులో కావేరి ఒడ్డున జీవించారు. ఆ నది మీద ఆయన అసావేరి రాగంలో ఒక కీర్తన చేశారు. అందులో కావేరి ఒకచోట భీకరంగా గర్జిస్తుంది, మరొకచోట దయగా నడుస్తుంది. కోకిలలు కూస్తుండగా శ్రీరంగనాథుని చూసుకుని, తిరువయ్యారు స్వామి దర్శనానికి వస్తుంది. నీళ్ళ చప్పుడును అనుకరించే పని ఆయన పెట్టుకోలేదు. నదిని ఒక కన్యకగా చూసి, ఆమె నడకను పాట చేశారు. కాలువల మీద, లాకుల మీద పనిచేసిన వాణ్ణి గనుక ఆ కీర్తన విన్నప్పుడల్లా, నీటిని ఇంత బాగా గమనించిన వాడు మా శాఖలో కూడా లేడనిపిస్తుంది.

ఉత్తరాదిన వానాకాలానికి మల్హార్ రాగాలున్నాయి. కాశ్మీరులో సూఫియానా సంగీతానికి వాడే సంతూర్‌ను పండిట్ శివకుమార్ శర్మ (1938-2022) శాస్త్రీయ కచేరీ వేదిక ఎక్కించారు. 1967లో ఆయన, వేణువు మీద హరిప్రసాద్ చౌరాసియా, గిటారు మీద బ్రిజ్‌భూషణ్ కాబ్రా కలిసి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' అనే రికార్డు ఇచ్చారు. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి గడిపే దినమంతా, తెల్లవారుజాము నుండి రాత్రి వరకు, ఆ వేళలకు తగిన రాగాల్లో నడుస్తుంది. లోయను చూడని వాడికి కూడా ఆ గాలి తగులుతుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది బీథోవెన్ గురించి. జర్మనీలోని బాన్ నగరంలో 1770లో పుట్టి, వియన్నాలో స్థిరపడ్డాడు. ముప్పై ఏళ్ళు నిండకముందే ఆయనకు వినికిడి తగ్గడం మొదలైంది. 1802లో వియన్నా శివార్లలోని హైలిగెన్‌స్టాట్ అనే పల్లెలో ఉండగా తన తమ్ముళ్ళకు ఒక ఉత్తరం రాసి, పంపకుండా దాచుకున్నాడు. 1827లో ఆయన పోయాక అది కాగితాల్లో దొరికింది. పక్కనున్న మనిషికి దూరాన పిల్లనగ్రోవి వినిపిస్తోంది, తనకు వినిపించలేదు. గొర్రెల కాపరి పాట వినిపిస్తోంది, అదీ వినిపించలేదు. ఆ అవమానంతో ప్రాణం తీసుకోవాలనిపించిందనీ, కళ మాత్రమే తనను ఆపిందనీ అందులో రాశాడు. 'నాకు చెవుడు, గట్టిగా మాట్లాడండి' అని నలుగురిలో అడగలేక మనుషులకు దూరమయ్యానని కూడా రాశాడు.

అలాంటి మనిషి ఆరేళ్ళ తరువాత, 1808 డిసెంబరులో, పల్లెసీమల మీద తన ఆరవ సింఫనీని వియన్నాలో వినిపించాడు. దానికి 'పాస్టొరల్' అని పేరు. అందులో అయిదు భాగాలు. రెండవది సెలయేటి ఒడ్డు. నీరు మెల్లగా పారుతున్నట్లు తంత్రీవాద్యాలు నడుస్తుంటాయి. చివరలో అవి ఆగగానే మూడు పిట్టలు పలుకుతాయి. ఫ్లూటు మీద నైటింగేల్, మన సన్నాయిలా పీకతో ఊదే ఓబో మీద పూరేడు పిట్ట, క్లారినెట్ మీద కుకూ. వాటి పేర్లు స్వరపత్రంలోనే రాశాడు. నాలుగో భాగంలో ఉరుములు, గాలివాన. అయిదో భాగంలో వాన వెలిశాక కాపరుల కృతజ్ఞతాగీతం.

ఇది ప్రకృతికి బొమ్మ గీయడం కాదు, అనుభూతిని చెప్పడం అని ఆయనే స్పష్టం చేశాడు. చెవి చేజారుతున్న కొద్దీ ఆ చప్పుళ్ళను మనసులో భద్రపరచుకున్నాడని నాకనిపిస్తుంది. వియన్నా చుట్టుపక్కల అడవుల్లో, పొలాల్లో ఏళ్ళ తరబడి నడిచిన నడక వృథా పోలేదు.

ఫ్రాన్సులో ఒలివియే మెస్సియాన్ (1908-1992) అనే స్వరకర్త నోటుపుస్తకం పట్టుకుని తెల్లవారుజామునే పొలాలకు వెళ్ళి పిట్టల పాటలను స్వరాల్లో రాసుకునేవాడు. 1956-58 మధ్య పియానోకు పదమూడు రచనలతో ఒక 'పక్షుల జాబితా' తయారుచేశాడు. పిట్ట పాడేంత వేగం, పాడేంత పైస్థాయి మన వాద్యాలకు అందవు గనుక, వేగం తగ్గించి, స్థాయి దించి రాశాడు.

ఈ పైస్థాయి మాట దగ్గరే మన వయసు వాళ్ళ సంగతి వస్తుంది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేవి సన్నని, పైస్థాయి శబ్దాలు. పోయిన సంవత్సరం మా దొడ్లో గోడ మీద వాలిన పిచ్చుక ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. నాకేమీ వినబడలేదు. పక్కనే ఉన్న మనవడు "తాతయ్యా, ఎంత గోల చేస్తోందో!" అన్నాడు. కోకిల కూత మాత్రం నాకు బాగానే వినిపిస్తోంది, దాని స్థాయి కింద ఉంటుంది గనుక. డాక్టరు పరీక్ష చేసి చెవి మిషను పెట్టించుకోమన్నారు. పెట్టించుకున్నాను. పిచ్చుక తిరిగి వచ్చింది. దానితోపాటు మనవరాలి మాటల్లో చివరి అక్షరాలు కూడా తిరిగి వచ్చాయి.

కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనం చెవి మిషనుకు సిగ్గుపడతాం. వినబడకపోయినా వినబడినట్లు తల ఊపి, మెల్లగా ఇంట్లో మాటలకూ, ఇలాంటి సమావేశాలకూ దూరమవుతాం. బీథోవెన్ నాటికి వైద్యం లేదు. కొన్నాళ్ళు చెవికి గొట్టాలు పెట్టుకుని తంటాలుపడ్డాడు. మనకు ఆ అగత్యం లేదు.

కనుక నావి రెండే విన్నపాలు. ఒకటి, మన సంఘం పెట్టే వైద్య శిబిరంలో రక్తపోటు, షుగరులతో పాటు వినికిడి పరీక్ష కూడా చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. రెండు, నెలకొక ఆదివారం ఊరి వెలుపల చెరువు గట్టు మీదకు సూర్యోదయానికి ముందే వెళ్దాం. సెల్‌ఫోన్లు జేబులోనే ఉండనిద్దాం. ఓ అరగంట ఎవరం మాట్లాడవద్దు. పేరివిజన్ కబుర్లు తిరుగు దారిలో చెప్పుకోవచ్చు. తీతువు అరిస్తే అపశకునమని లేచిపోకండి, అదీ ఒక గొంతే.