హాజరు వేశాం, పిల్లలు ఉన్నారా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇదే బడిలో చదువుకుని లెక్కల టీచరునైన నన్ను ఆన్‌లైన్ చదువుల గురించి మాట్లాడమన్నారు. నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. తెలంగాణలో ఆ సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. వాటికి తోడు నేను రోజూ ఫోన్‌లో ఒక గంట క్లాసు పెట్టేదాన్ని. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఒక్కరోజూ తప్పలేదు. నేనూ తప్పకుండా హాజరు వేశాను. 2021 ఫిబ్రవరిలో బడి తెరిచాక లెక్క చేయమంటే, సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడిపోయింది.

"ఫోన్ గట్టు మీద పెట్టి పత్తి ఏరేదాన్ని టీచర్. హాజరు పోవద్దని" అంది.

ఆ పిల్ల దాచలేదు. నేనే అడగలేదు.

చదువులో పిల్లలు లీనమవడం మూడు విధాలని ఫ్రెడరిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ అనే పరిశోధకులు 2004లో వివరించారు. చేతల్లో, మనసులో, ఆలోచనలో. హాజరు మొదటిదాంట్లో ఒక ముక్క. ఫోన్ తెర మనకు చూపేది ఆ ముక్కనే.

2021 జులైలో మళ్లీ ఆన్‌లైన్ పాఠాలు వచ్చాయి. ఈసారి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎవరు ప్రశ్న అడిగారు, తప్పైనా ఎవరు జవాబు ప్రయత్నించారు, అడిగాక నేను ఎంతసేపు ఆగాను అని రాసుకున్నాను. వారం తిరిగేసరికి సిగ్గనిపించింది. మాట్లాడినవాళ్లు అదే అయిదారుగురు. నేనైతే ప్రశ్న వేసి, జవాబు కూడా నేనే చెప్పేస్తున్నాను. టీచర్లు సగటున ఒక సెకనే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది నోరు విప్పుతారనీ మేరీ బడ్ రో 1970లలోనే చెప్పారు. ఫోన్‌లో మైకు ఆన్ చేసుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది కదా!

అప్పటినుంచి మనసులో పది లెక్కపెట్టి ఆగాను. లెక్క చేసి ఫొటో పంపమన్నాను. రోజుకు నలుగురి ఇళ్లకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి పొలం పని మానలేదు. రాత్రి ఏడు దాటాక ఫొటో వచ్చేది. చాలావరకు తప్పులే. కానీ ఎక్కడ తప్పుతోందో నాకు తెలిసేది. నల్లటి గడులతో మాట్లాడి విసిగిన నాకు ఆ తప్పుల లెక్కలే మళ్లీ ఉత్సాహం తెచ్చాయి. అందుకే ఆన్‌లైన్ చదువును పరిశీలించేటప్పుడు పిల్లలతోపాటు టీచరునూ పరిశీలించాలంటాను.

మన లెక్కల మాస్టారు చివరి బెంచీ దాకా నడిచొచ్చి నోటుబుక్కు చూసేవారు, గుర్తుందా? తెర మీద ఆ నడక లేదు. దాన్ని మనమే కల్పించుకోవాలి.

మన బడి పిల్లలకు ట్యాబులు కొనిద్దామని మిత్రులు అంటున్నారు. సంతోషం. వాటితోపాటు ఒక్కొక్కరం వారానికి ఒక పిల్లకైనా ఫోన్ చేసి, "ఇవాళ ఏం అర్థం కాలేదమ్మా?" అని అడుగుదాం. అడిగాక కాస్త ఆగుదాం.

సెలవు.